భుజం గీత

ఆ షెడ్డులో అందరూ దాన్ని సవతుల బండి అనేవాళ్ళు. ఒక్క ఒంట్లో రెండు కాపురాలు మరి. ముక్కు నుంచి తోక దాకా నడిమధ్యన ఒక నల్ల టేపు అంటించి ఉండేది. టేపుకి కుడివైపంతా ఒకరి చేతిపని, ఎడమవైపంతా ఇంకొకరిది.

నిజం బండి కాదది. ఇనుప చట్రం మీద నురుగు దిమ్మలు పేర్చి, వాటి మీద నాలుగు వేళ్ళ మందాన మట్టి మెత్తి, అసలు కొలతకి చేసిన స్పోర్ట్స్ కారు బొమ్మ. ఇంజనూ లేదు, సీట్లూ లేవు. మట్టి అంటారు గానీ పొలంలో మట్టి కాదు, మైనం కలిసిన గోధుమరంగు ముద్ద. ఓవెన్‌లో పెడితే మెత్తబడుతుంది, చల్లారితే సబ్బుబిళ్ళలా బిగుస్తుంది. గీకిన పొట్టు మళ్ళీ ఓవెన్‌లో పడేస్తే మళ్ళీ ముద్దే. ఆ షెడ్డులో పాడైపోయేది ఏదీ ఉండేది కాదు, మనుషుల నడుములు తప్ప.

గురువారం పొద్దున కంపెనీ పెద్దాయన వస్తాడు. రెండు వైపులా చూసి, నిజం బండి ఏ వైపులా చెయ్యాలో ఖాయం చేస్తాడు. ఖాయమైన వైపుని చూసి రెండోవైపు చేస్తారు. ఓడిన వైపుని గీకి డబ్బాల్లోకి ఎత్తుతారు. ఇన్నేళ్ళుగా అదే పద్ధతి.

ఎడమవైపు చేసినావిడని వెనకాల మడతల మేడమ్ అనేవాళ్ళు. తలుపు మీదే మూడు మడతలు పెట్టింది. ముందు చక్రం వెనక గాలి పోవడానికి చేప మొప్పల్లాంటి కంతలు, వెనక చక్రం పైన కత్తి అంచులాంటి గట్టు. చూడగానే ఎవరైనా "అబ్బ" అనేవాళ్ళు.

కుడివైపు నిదానం మేస్త్రిది. ఆ వైపు చూసినవాళ్ళు ఏమీ అనేవాళ్ళు కాదు. ఉన్నది ఒకటే గీత. ముందు చక్రం మీద పుట్టి, తలుపు మీదుగా కొంచెం వాలి, వెనక చక్రం దగ్గర మళ్ళీ లేచి, తోకలో కలిసిపోతుంది. దాన్ని భుజం గీత అంటారు. దూకబోయే పిల్లి బరువంతా వెనక కాళ్ళ మీదికి తెచ్చుకున్నట్టు ఉంటుంది దానివల్ల. అంతే, ఇంకేమీ లేదు.

మేస్త్రి పోయి పదకొండు వారాలైంది. ఆయన పోయినప్పటి నుంచి ఆ వైపుకి దుప్పటి కప్పే ఉంచారు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

మంగళవారం పొద్దున ఆ దుప్పటి తీసింది ఆయన భార్యే. ఆమెని షెడ్డులో అందరూ అరచేతి అక్క అనేవాళ్ళు. ఇరవయ్యారేళ్ళప్పుడు రాలిన పొట్టు ఊడవడానికి చేరింది అక్కడ. ఒకరోజు బొమ్మ మీద దుమ్ము తుడుస్తూ, "ఇక్కడేదో ఉందండీ" అంది. మేస్త్రి నవ్వి కొలిచి చూస్తే వెంట్రుకలో సగం ఎత్తు. ఆయన నవ్వడం మానేశాడు. ఆ రోజు నుంచి ఆమె అరచెయ్యి పాకనిదే ఏ బొమ్మకీ వెండిపొర అంటించింది లేదు. ఆర్నెల్లకి ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. "చెయ్యి చూసి పెళ్ళాడాడు, మొహం తర్వాత చూసుకున్నాడు" అని ఆమె చెప్పి నవ్వించేది.

వెండిపొర అంటే పల్చటి మెరుపు కాగితం లాంటిది. తడిపి మట్టి మీద పరిస్తే రంగేసిన రేకులా మెరుస్తుంది. దాన్ని బుధవారం మధ్యాహ్నం అంటించాలి. ఆ లోపల రెండు వైపులా తడిమి, నున్నగా చేసి ఇవ్వడం ఆమె పని.

ముందు ఎడమవైపు తడిమింది. ఎవరి చేతిపనైనా ఆమె చేతికి ఒకటే. మొప్పల దగ్గర రెండుచోట్ల గరుకు తగిలితే తీసేసింది. తర్వాత అటు తిరిగి, కళ్ళు మూసుకుని, ముందు చక్రం మీద అరచెయ్యి పెట్టి నడిచింది.

తలుపు దాటే చోట చెయ్యి ఉలిక్కిపడింది.

గుంట అనడానికి లేదు. మెట్లు దిగుతూ, ఇంకొక మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. వెనక్కి వచ్చి మళ్ళీ తడిమింది. అక్కడే. మూడోసారి తడమలేదు. అదేమిటో ఆమెకి తెలుసు.

భుజం గీత రెండు దమ్ముల్లో లాగేది కాదు. వంపు తిరిగిన స్టీలు పట్టీని బొమ్మకి ఆనించి, ఆ పట్టీ వెంట గీకుడు రేకుని పట్టుకుని, ఊపిరి బిగబట్టి తొమ్మిది అడుగులు పక్కకి నడవాలి. ఎదురుగా ఇంకొకళ్ళు పట్టీని అదిమిపెట్టి వెనక్కి నడవాలి. ఇద్దరి అడుగూ ఒకటి కావాలి. ఇరవై రెండేళ్ళు మేస్త్రికి ఎదురుగా వెనక్కి నడిచింది ఆమే. ఆఖరుసారి లాగిన రోజు, అయిదో అడుగు దగ్గర ఆయనకి దగ్గు వచ్చింది. రేకు ఎత్తలేదు, అలాగే ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పట్టీని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నీళ్ళసీసా ఆయన నోటికి అందించింది. రెండు గుక్కలు తాగాడు. "పద" అన్నాడు. మిగతా నాలుగడుగులూ నడిచారు.

మర్నాడు ఆయన పనిలోకి రాలేదు. తర్వాతా రాలేదు.

ఆ రెండు గుక్కల సేపు రేకు ఆనిన చోటు ఇది.

కొలతలాయన్ని పిలిచింది. బొమ్మ మీద చుక్క చుక్కా కొలిచే యంత్రం నడిపే మనిషి, ఆమెకంటే పదేళ్ళు చిన్న. యంత్రం చెయ్యి సాచి ఆ చోట రెండుసార్లు ముట్టి చూశాడు.

"అక్కా, పావు మిల్లీమీటరు కూడా లేదే. మన లెక్కలో ఇది తప్పే కాదు."

"నీ లెక్క సంగతి నేనడగలేదు తమ్ముడూ. ఉందా లేదా?"

"ఉంది. కానీ నీకూ దెయ్యాలకీ తప్ప ఎవరికీ తెలియదు. అంతగా ఉంటే కొంచెం వేడి మట్టి పెట్టి పూడ్చెయ్యి."

"అతుకు అతుకే."

"మరేం చేస్తావు? మొత్తం గీత మళ్ళీ లాగుతావా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

దానికి దారి అదొక్కటే. గీత పొడుగునా పై పొర అంతా ఆ గుంట లోతుకి దించాలి. అంటే మేస్త్రి చివరిసారి నడిచిన నడక మొత్తం పొట్టుగా రాలిపోవాలి. ఇంట్లో ఆయన చొక్కాలు ఇచ్చేసింది, కళ్ళజోడు ఇచ్చేసింది. పరుపులో ఆయన పడుకున్న పల్లం కూడా లేచిపోయింది. ఆయన చెయ్యి చేసింది చేసినట్టుగా ఉన్నది ఇదొక్కటే. పైగా ఆమె ఎప్పుడూ రేకు పట్టి గీత లాగలేదు. ఎదురు నడిచిందంతే. తను లాగి పాడుచేస్తే గురువారానికి ఇటు చూపించడానికే ఏమీ ఉండదు.

వదిలేస్తే ఏం పోయె? గురువారం ఎవరికీ కనపడదు.

ఈ మాట అనుకోగానే మేస్త్రి గొంతు వినపడినంత పనైంది. "గురువారానికి బాగుంటే ఏం లాభమే? కొత్తలో గాడిద కూడా ముద్దొస్తుంది. మనం చేసేది పాతబడ్డాక చూసుకోవడానికి." చిన్న తప్పు గురించి ఆయన లెక్క వేరు. రోజూ అదే వీధిలో నడిచేవాడికి రోజూ అదే రాయి తగిలితే, వాడు ఆ వీధినే మానేస్తాడు, కారణం వాడికే తెలియదు అనేవాడు. కన్ను కూడా అంతే. ఏడాది తగులుతుంది, రెండేళ్ళు తగులుతుంది, ఆ తర్వాత ఆ బండిని చూడటం మానేస్తుంది. అదే బండి ముసలిదవడం అంటే. తుప్పు పట్టడం కాదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఒక్కతే కూర్చుని తింది. గ్లాసు ఎత్తితే బల్ల మీద నీళ్ళు ఒలికాయి. తుడవబోయి ఆగింది. మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. ఏదైనా బండి కొత్తగా చూసి వచ్చిన రోజు, అన్నం తిన్నాక బల్ల మీద కాసిని నీళ్ళు ఒలికించి, "ఏదీ, ఇవాళ చూసింది వేలితో గియ్యి" అనేవాడు.

"నాకు బొమ్మలు రావండీ."

"రాకపోవడమే కావాలి. వచ్చినవాళ్ళు అబద్ధాలు గీస్తారు. మూడు గీతల్లో గియ్యి. మూడింట్లో రానిది ముప్పైలోనూ రాదు."

కొన్ని బండ్లు వచ్చేవి. చాలా వాటికి దీపాలు గుర్తుండేవి, మూతి గుర్తుండేది, ఒళ్ళు గుర్తుండేది కాదు. అప్పుడాయన, "చూశావా, పౌడరు గుర్తుంది, ముక్కు గుర్తులేదు" అని నవ్వేవాడు.

ఇప్పుడు ఎడమవైపు గీయబోయింది. మొప్పలు వచ్చాయి, గట్టు వచ్చింది. వాటిని కలిపేది ఏమిటో వేలికి తోచలేదు. చెరిపేసి కుడివైపు గీసింది. నేల గీత, పైకప్పు, భుజం. మూడే. భుజం గీత గీసేటప్పుడు వేలు ముందు చక్రం నుంచి తోక దాకా ఆగకుండా పోయింది. తలుపు దగ్గర కూడా ఆగలేదు.

ఆమె ఆ నీళ్ళ గీత వైపే చూస్తూ కూర్చుంది. ఆయన లాగాలనుకున్నది ఇది. దగ్గు లాగనివ్వనిది ఇది. షెడ్డులో ఉన్నది ఆయన చెయ్యే గానీ, ఆయన గీత కాదు. తను దాచుకోవాలని చూస్తున్నది ఆయన పనిని కాదు, ఆయన జబ్బుని.

నీళ్ళు ఆరిపోయేదాకా కూర్చుని లేచింది.

బుధవారం పొద్దున అందరికంటే ముందు షెడ్డుకి వెళ్ళింది. ముందు అనుకుంది గానీ, మడతల మేడమ్ అప్పటికే వచ్చి తన వైపు మోకాళ్ళ మీద కూర్చుని ఏదో సరిచూసుకుంటోంది. అక్క గోడకి ఉన్న స్టీలు పట్టీ దించింది. మేస్త్రి రేకు డ్రాయరులోంచి తీసింది. పిడికి చుట్టిన గుడ్డ ఆయన వేళ్ళ మేరకి నల్లబడి ఉంది.

మేడమ్ లేచి వచ్చింది. "కొలతలాయన చెప్పాడు అక్కా. పావు మిల్లీమీటరట. నేనెవరికీ చెప్పను. వదిలెయ్యండి."

"మీకు ఎదురు వైపండీ ఇది. మీరు చెప్పాల్సింది ‘లాగి పాడుచేసుకో’ అని."

"అనుకున్నాను కూడా," అంది మేడమ్. "నిన్న రాత్రంతా అదే కోరుకున్నాను. పొద్దున లేచేసరికి సిగ్గేసింది." పట్టీ వైపు చూసి అడిగింది, "మీకు ఎదురు నడిచేదెవరు?"

అక్క ఆ సంగతి ఆలోచించనే లేదు. ఇరవై రెండేళ్ళు తనే ఎదురు నడిచిన మనిషికి, తనకొకరు కావాలని తట్టలేదు.

"నేను నడుస్తాను. వెనక్కి నడవడం నాకు బాగా వచ్చు. నా ఉద్యోగంలో నడిచిందంతా వెనక్కే," అంది మేడమ్.

"నా అడుగులో అడుగు వెయ్యాలి మరి. తొమ్మిది. ముందూ వెనకా అయ్యారంటే ఇద్దరం కలిసి మునిగినట్టే."

"మునిగేది మీరే గదా అక్కా. నాకు గట్టే."

ఆ మాటకి అక్కకి నవ్వు వచ్చింది. పదకొండు వారాల్లో నవ్వడం అదే మొదలు.

పట్టీని ఆనించారు. అక్క రేకు పట్టుకుంది. ఆయన వేళ్ళ నలుపు మీద తన వేళ్ళు పొట్టిగా ఆనాయి. "పద" అంది. ఎప్పుడూ ఆయన అనే మాట.

ఒకటి, రెండు. గోధుమరంగు పొట్టు రేకు మీదుగా సన్నగా చుట్టలు తిరుగుతూ లేచింది. మూడు, నాలుగు. మేడమ్ కళ్ళు ఆమె కాళ్ళ మీదే ఉన్నాయి. తలుపు వచ్చింది. కాలు దానంతటది బరువెక్కింది. ఎదురుగా నీళ్ళసీసా పట్టుకున్న తన చెయ్యే కనపడింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగితే ఆయన ఉంటాడు అనిపించింది. ఆగితే ఆయన గీత ఉండదు.

అయిదో అడుగు వేసింది. ఆరు. ఏడు. ఛాతీలో మంట పుడుతోంది. ఎనిమిది. తొమ్మిది. తోక దగ్గర రేకు గాలిలోకి లేచింది.

పొట్టు తెగకుండా పొడుగాటి రిబ్బనులా కింద పడి ఉంది. అక్క వంగి దాన్ని ఎత్తింది. అందులో ఒకచోట, తలుపు మేర, రిబ్బను బాగా పల్చబడి కాగితంలా వెలుగు కనపడుతోంది. అక్కడ గీకడానికి మట్టి లేదు, ఆయన రేకు అప్పటికే తీసుకుపోయింది. ఆమె బొటనవేలు ఆ పల్చటి చోట ఆనించి కాసేపు నిలబడింది. మేడమ్ మొహం తిప్పుకుంది. తర్వాత అక్క రిబ్బనుని మడిచి, మిగతా పొట్టుతో పాటే ఓవెను డబ్బాలో వేసింది.

అరచేత్తో గీత పొడుగునా తడిమింది. చెయ్యి ఎక్కడా ఏమీ చెప్పలేదు.

గురువారం పెద్దాయన వచ్చాడు. ఎడమవైపు చూసి మొహం విప్పారింది. వంగి మొప్పలు చూశాడు, గట్టు మీద వేలు పెట్టాడు, మేడమ్‌ని నాలుగు ప్రశ్నలడిగాడు. కుడివైపు వచ్చి స్టూలు అడిగి కూర్చున్నాడు. పైన ట్యూబులైట్లు ఆర్పించి, షెడ్డు తలుపులు తెరిపించాడు. బయటి వెలుగు వెండిపొర మీద ముందు చక్రం నుంచి తోక దాకా ఒకే చారగా పడింది. ఆ చారనే చూస్తూ కూర్చున్నాడు. లేచి, "ఇవాళ చెప్పను. వారం తర్వాత వస్తాను," అన్నాడు.

"పెళ్ళిచూపులకి వచ్చి ఉత్తరం రాస్తామన్నట్టుంది" అని కొలతలాయన గొణిగాడు. ఆ వారం అక్కకి అన్నం సయించలేదు. ఒకటికి పదిసార్లు ఆ వైపు వెళ్ళి, చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడి వచ్చేది. మేడమ్ కూడా అలాగే తన వైపు నిలబడి వచ్చేది. ఇద్దరూ టీ దగ్గర కలిసేవాళ్ళు. బండి మాట ఎత్తేవాళ్ళు కాదు.

రెండో గురువారం పెద్దాయన వచ్చి బండి వైపు వెళ్ళనే లేదు. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు.

"ఎడమవైపు చాలా బాగుంది. బాగుందని వారమంతా గుర్తుంది. ఎలా ఉందో మాత్రం గుర్తులేదు. కుడివైపు బాగుందని అనుకోను కూడా లేదు. కానీ కళ్ళు మూసుకుంటే అదే కనపడింది. నేను పోయాక కూడా ఎవరో ఒకరు దాన్ని రోడ్డు మీద ఆగి చూస్తారు. అదే చేద్దాం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేడమ్ తల వంచుకుంది.

"మేస్త్రి పోయేలోపే గీత పూర్తిచేశాడన్నమాట," అన్నాడు పెద్దాయన, అక్క వైపు తిరిగి. "అదృష్టవంతుడమ్మా."

అవునని ఊరుకోవచ్చు. ఆయనకి ఆ పేరు దక్కేది. అక్క తల అడ్డంగా ఊపింది.

"గీత ఆయనదేనండి. మధ్యలో ఆయనకి ఊపిరి చాలలేదు. పై పొర తీసి మళ్ళీ లాగింది నేను. ఎదురు నడిచింది ఈ మేడమ్."

పెద్దాయన మేడమ్ వైపు చూశాడు. మేడమ్ తల ఎత్తి, "అవునండీ. నా మడతలు నేనే ఇస్త్రీ చేసుకున్నాను," అంది. తన పేరు తనకెప్పటి నుంచో తెలుసని అప్పుడే షెడ్డులో వాళ్ళకి తెలిసింది. కొలతలాయన చెవులు ఎర్రబడ్డాయి.

పెద్దాయన కాసేపు ఇద్దర్నీ చూసి, "అయితే ఎడమవైపు కూడా మీరిద్దరే లాగండి," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు మేడమ్ తన వైపు తనే గీకింది. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. మొప్పలూ గట్టూ ముద్దలు ముద్దలుగా డబ్బాలో పడ్డాయి. వాటిని అక్క ఓవెన్‌లోకి ఎత్తింది. వేడెక్కిన మట్టి ఒకే రంగు, ఒకే వాసన. అందులో మేడమ్ మడతలు ఏవో, మేస్త్రి ఆగిన చోటు ఏదో ఇక తెలియదు. ఆ మట్టినే ఇద్దరూ కలిసి ఎడమవైపు మెత్తారు. నడిమధ్యన ఉన్న నల్ల టేపు కొలతలాయన ఊడదీసి ఉండ చుట్టి పారేశాడు.

గీత లాగే రోజు మేడమ్ పట్టీ ఆనించి ఎదురుగా నిలబడింది. ఎందుకైనా మంచిదని నీళ్ళసీసా ఒకటి తెచ్చి కిటికీలో పెట్టింది.

అక్క దాన్ని చూసింది. దాహం వెయ్యడం లేదు. అయినా ముందే వెళ్ళి రెండు గుక్కలు తాగి, మూత బిగించి, వచ్చి రేకు పట్టుకుంది.

"పద," అంది.